పౌలు లేఖల్లో ‘నీతి’ భావన: చారిత్రక సందర్భం, తెలుగు అనువాద పదజాలం

క్రైస్తవ మత గ్రంథమైన కొత్త నిబంధనలోని ఇరవై ఏడు రచనల్లో పదమూడు పౌలు పేరుతో ఉన్నాయి. ఇవన్నీ లేఖలే. ఏదో ఒక పట్టణంలోని చిన్న సమాజానికో, ఒక వ్యక్తికో, ఏదో ఒక తక్షణావసరం కోసం రాసినవి. అయినా తరువాతి శతాబ్దాల్లో వీటిని ఒక క్రమబద్ధమైన సిద్ధాంత గ్రంథంలోని అధ్యాయాలుగా చదవడం అలవాటైంది. తెలుగులోనూ పౌలు బోధలపై వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతినే అనుసరించాయి. పాపం, కృప, విశ్వాసం, రక్షణ అనే శీర్షికల కింద వాక్యాలను ఏర్చి కూర్చడం వాటి పద్ధతి. ఆరాధనావసరాలకు అది ఉపయోగపడవచ్చు. చరిత్ర దృష్టికి మాత్రం అది చాలదు. ఒక భావన ఏ తగవులో పుట్టిందో తెలియనప్పుడు ఆ భావన అర్థమూ సగమే తెలుస్తుంది. పౌలు బోధల్లో కేంద్రమని చాలాకాలంగా చెబుతూ వస్తున్న ‘నీతి’ భావనను అది పుట్టిన వివాదంలో పెట్టి చూడటం, అనంతరం ఆ భావనను మోసిన తెలుగు పదాలు దానికి చేర్చిన అర్థాలను, దాని నుండి తీసివేసిన అర్థాలను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆకరాల సంగతి. పదమూడు లేఖల్లో ఏడింటిని, అనగా రోమా, కొరింథు మొదటి రెండు, గలతీ, ఫిలిప్పీ, థెస్సలొనీక మొదటి లేఖ, ఫిలేమోను లేఖలను పౌలు స్వయంగా రాసినవిగా (నిజానికి చెప్పి రాయించినవిగా) పరిశోధకులు దాదాపు ఏకాభిప్రాయంతో అంగీకరిస్తున్నారు. ఎఫెసు, కొలొస్సయి, థెస్సలొనీక రెండవ లేఖల విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. తిమోతి లేఖలు రెండూ, తీతు లేఖ తరువాతి తరం రచనలనే అభిప్రాయం బలంగా ఉంది. హెబ్రీ లేఖలో రచయిత పేరే లేదు. ఈ వ్యాసం మొదటి ఏడింటికే పరిమితం.

కాలనిర్ణయానికి ఒక శాసనం ఆధారం. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసన శకలాల్లో రోమన్ చక్రవర్తి క్లౌదియ రాసిన ఒక ఉత్తరువు ఉంది. అందులో అకయ రాష్ట్రాధిపతిగా గల్లియోను ప్రస్తావన ఉంది. ఆ ఉత్తరువు కాలాన్ని బట్టి గల్లియోను పదవీకాలం క్రీ.శ. 51-52 ప్రాంతమని తేలుతుంది. కొరింథులో పౌలును ఇదే గల్లియోను ఎదుటికి తెచ్చారని అపొస్తలుల కార్యముల గ్రంథం (18:12) చెబుతున్నది. ఈ ఒక్క మేకును పట్టుకొనే మిగిలిన తేదీలన్నీ వేలాడుతున్నాయి. థెస్సలొనీక మొదటి లేఖ క్రీ.శ. 50 ప్రాంతపుదనీ, రోమా లేఖ క్రీ.శ. 56-57 ప్రాంతంలో కొరింథు నుండి రాసినదనీ సాధారణంగా అంగీకరించిన లెక్క. మనకు దక్కిన క్రైస్తవ రచనల్లో అతి ప్రాచీనమైనది థెస్సలొనీక మొదటి లేఖే. సువార్తలన్నీ దాని తరువాత రాసినవే.

పంక్తిలో పుట్టిన సిద్ధాంతం

థెస్సలొనీక మొదటి లేఖను ఈ దృష్టితో చదివినవారికి ఒక లోటు కనబడుతుంది. ‘నీతిమంతుడని తీర్చు’ అని మనం అనువదించుకొన్న గ్రీకు క్రియ ‘దికైయోఓ’ అందులో ఒక్కసారి కూడా లేదు. ధర్మశాస్త్రం అని మనం అంటున్న ‘నోమోస్’ కూడా లేదు. అక్కడి సమస్య వేరు. క్రీస్తు తిరిగి వచ్చేలోగా తమలో కొందరు చనిపోయారు, వారి గతి ఏమిటని ఆ సమాజం దుఃఖపడుతున్నది. పౌలు దానికే సమాధానం చెప్పాడు. కొరింథు మొదటి లేఖలో ఆ క్రియ రెండు చోట్ల మాత్రమే వస్తుంది, అదీ దారినపోతూ అన్నట్లు. ఫిలిప్పీ లేఖలో నామవాచకం ఉంది గాని క్రియ లేదు. అది గుంపుగా కనబడేది గలతీ, రోమా లేఖల్లోనే. పౌలు బోధకంతటికీ ఇదే కేంద్రమైతే, ఇతర లేఖల్లో ఈ మౌనానికి కారణం చెప్పవలసి ఉంటుంది.

కారణం గలతీ లేఖ రెండవ అధ్యాయంలోనే దొరుకుతుంది. సిరియాలోని అంతియొకయ నగరంలో యూదులూ యూదేతరులూ కలిసిన ఒక క్రైస్తవ సమాజం ఏర్పడింది. వారు ఒకే పంక్తిలో భోజనం చేసేవారు. యెరూషలేము నుండి వచ్చిన కేఫా, అనగా పేతురు, కూడా వారితో కలిసి తిన్నాడు. తరువాత యాకోబు నుండి కొందరు వచ్చారు. వారు రాగానే పేతురు వెనక్కు తగ్గి పంక్తి వేరు చేసుకొన్నాడు. మిగిలిన యూదులూ అదే చేశారు. చివరకు పౌలుకు సహచరుడైన బర్నబా కూడా వారి వెంట పోయాడు. పౌలు అందరి ఎదుటా పేతురును నిలదీశాడు (గలతీ 2:11-14). ఈ సంఘటన క్రీ.శ. 40ల చివరి సంవత్సరాల్లో జరిగి ఉంటుంది.

పౌలు పేతురుతో అన్న మాటలు ఎక్కడ ముగిశాయో, గలతీయులతో చెబుతున్న మాటలు ఎక్కడ మొదలయ్యాయో ఈ భాగంలో తేల్చడం సాధ్యం కాదు. ప్రాచీన గ్రీకు ప్రతుల్లో ఉద్ధరణ చిహ్నాలు లేవు. పంక్తిభోజనం గురించిన మందలింపు అలాగే సాగి సిద్ధాంతంలోకి ప్రవేశిస్తుంది. ‘దికైయోఓ’ క్రియ ఈ లేఖలో మొట్టమొదట కనబడేది ఇక్కడే, 2:16లో. ఆ ఒక్క వచనంలోనే అది మూడుసార్లు వస్తుంది. ‘ధర్మశాస్త్ర క్రియలు’ అనే పదబంధమూ అక్కడే మూడుసార్లు వస్తుంది. మనిషి దేవుని ఎదుట నీతిమంతుడుగా నిలవడం ధర్మశాస్త్ర క్రియల వలన కాదు, క్రీస్తు విశ్వాసం వలన అనే సూత్రం ఇలా భోజనపు పీటల దగ్గర రూపుకట్టింది. ఎవరు ఎవరితో కూర్చుని తినవచ్చు అన్న ప్రశ్నకు అది సమాధానం.

ఈ తగవులో పౌలు గెలిచాడా? తాను పేతురును నిలదీశానని చెప్పాడే గాని పేతురు ఒప్పుకొన్నాడని ఎక్కడా చెప్పలేదు. ఒప్పుకొని ఉంటే గలతీయులకు ఆ సంగతి చెప్పడం కంటే బలమైన వాదం మరొకటి ఉండేది కాదు. అంతియొకయలో పౌలు ఓడిపోయాడన్న అభిప్రాయానికి పరిశోధకుల్లో చాలామంది మొగ్గు చూపడానికి ఈ మౌనమే ఆధారం. బర్నబాతో విడిపోవడానికి అపొస్తలుల కార్యముల గ్రంథం (15:37-39) మరో కారణం, మార్కు అనే యువకుణ్ణి వెంట తీసుకుపోవడం గురించిన పేచీని, చెబుతున్నది. రెండు కారణాలూ నిజం కావచ్చు. కాని పౌలు స్వయంగా చెప్పినదానికి చరిత్రకారుడు ఎక్కువ విలువ ఇవ్వక తప్పదు.

గలతీయ దేశంలో సమస్య మరో మెట్టు పైకెక్కింది. యూదేతరులైన విశ్వాసులు సున్నతి కూడా చేయించుకోవాలని కొందరు బోధకులు వచ్చి చెప్పారు. వారి వాదం తేలికైనదేమీ కాదు. దేవుని వాగ్దానం అబ్రాహాము సంతానానిది, ఆ నిబంధనకు గుర్తు సున్నతి అని ఆదికాండము 17వ అధ్యాయం స్పష్టంగా చెబుతున్నది. పౌలు సమాధానం కాలక్రమం మీద ఆధారపడింది. అబ్రాహాము దేవుని నమ్మగా అది అతనికి నీతిగా ఎంచబడినట్లు చెప్పినది 15వ అధ్యాయంలో. సున్నతి జరిగినది తరువాత, 17వ అధ్యాయంలో, అతనికి తొంభై తొమ్మిదేళ్ల వయసులో. ధర్మశాస్త్రం ఇంకా 430 సంవత్సరాల తరువాత వచ్చినది (గలతీ 3:17). ముందు చేసిన ఒప్పందాన్ని తరువాత వచ్చినది కొట్టివేయలేదు. రోమా లేఖ నాలుగవ అధ్యాయంలో ఇదే వాదం మరింత విపులంగా, కొంత శాంతంగా సాగుతుంది. మన వ్యాఖ్యాన సంప్రదాయంలో పూర్వోత్తర వాక్యాల బలాబలాలను తూచే మీమాంసకుల పద్ధతి తెలిసినవారికి ఈ తర్కం అపరిచితంగా తోచదు. పౌలు పరిసయ్యుడుగా శిక్షణ పొందినవాడు. అతను గ్రంథాన్ని తోసిపుచ్చడం లేదు, గ్రంథంలోని ఒక వాక్యాన్ని మరొక వాక్యం కంటే ముందు నిలబెడుతున్నాడు.

‘ధర్మశాస్త్ర క్రియలు’ అంటే ఏమిటి?

పదహారవ శతాబ్దంలో జర్మనీలో మార్టిన్ లూథర్ ఈ వాక్యాలను తన కాలపు ప్రశ్నతో చదివాడు. పుణ్యకార్యాలు, ఉపవాసాలు, పాపపరిహార పత్రాలు మనిషిని రక్షించగలవా అన్నది అతని ప్రశ్న. అతని పఠనంలో ‘ధర్మశాస్త్ర క్రియలు’ అంటే పుణ్యం సంపాదించుకోవడానికి మనిషి చేసే ప్రయత్నం. రోమా 3:28ని జర్మనులోకి తెచ్చినప్పుడు మూలంలో లేని ‘మాత్రమే’ అనే మాటను విశ్వాసానికి చేర్చాడు. విమర్శ రాగా 1530లో అనువాదం గురించిన ఒక బహిరంగ లేఖలో దాన్ని సమర్థించుకొన్నాడు. జర్మను నుడికారం ఆ మాటను కోరుతుందన్నది అతని సమాధానం. ఒక్క మాటలో ఎంత చరిత్ర ఇమిడి ఉండగలదో అనువాద విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ పఠనం ఫలితంగా యూదమతం అంటే లెక్కగట్టి పుణ్యం కూడబెట్టే మతమనే చిత్రం పాశ్చాత్య పాండిత్యంలో నిలిచిపోయింది. యూదుల పట్ల యూరపు చూపిన చిన్నచూపుకు ఈ చిత్రమూ ఒక ఊతం. కనుక ఇది కేవలం పదచర్చ కాదు. స్వీడిష్ పండితుడు క్రిస్టర్ స్టెండాల్ 1963లో ప్రచురించిన ఒక వ్యాసంలో లూథర్‌కున్న అంతరాత్మ వేదన పౌలుకు లేదని చూపాడు. ఫిలిప్పీ 3:6లో పౌలు తన గతాన్ని తలచుకొంటూ ధర్మశాస్త్రం విషయంలో తాను నిందలేనివాడినని చెప్పుకొన్నాడు. ఇది ఆచరించలేక కుమిలిపోయినవాడి మాట కాదు. ఇ. పి. సాండర్స్ 1977లో వెలువరించిన గ్రంథంలో ఆనాటి పాలస్తీనా యూద రచనలను విస్తృతంగా పరిశీలించి, వాటిలో నిబంధన దేవుని కృపవలన కలిగినదేననీ, ధర్మశాస్త్ర పాలన ఆ నిబంధనలో నిలిచి ఉండే మార్గమే గాని అందులో ప్రవేశించే మూల్యం కాదనీ నిరూపించాడు. జేమ్స్ డన్ దీన్ని మరో అడుగు ముందుకు తీసుకుపోయాడు. పౌలు విమర్శించిన ‘క్రియలు’ ముఖ్యంగా సున్నతి, విశ్రాంతి దినం, ఆహార నియమాలని, ఒక జనాన్ని మిగిలినవారి నుండి వేరుచేసే గుర్తులని అతని ప్రతిపాదన.

1994లో ప్రచురితమైన ఒక కుమ్రాను పత్రం ఈ చర్చకు కొత్త ఆధారం ఇచ్చింది. మృతసముద్ర తీరపు నాలుగవ గుహలో దొరికిన ఈ హెబ్రీ రచనలో ‘తోరా క్రియలు’ అనే పదబంధం ఉంది. పౌలు వాడిన గ్రీకు మాట ‘ఎర్గా నోమూ’కు ఇంత దగ్గరి హెబ్రీ రూపం మరెక్కడా అరుదు. ఆ పత్రంలో అది శుద్ధి, బలి, ఆలయ సంబంధమైన ప్రత్యేక నియమాలను సూచిస్తుంది. ఒక వర్గం ఇతరుల నుండి తాను వేరుపడటానికి కారణంగా చూపిన నియమాలవి. అంతేకాక ఆ నియమాలను పాటిస్తే అది నీకు నీతిగా ఎంచబడుతుందన్న ధోరణిలో ఆ పత్రం ముగుస్తుంది. పౌలు ఏ భాషలో వాదిస్తున్నాడో, ఎవరి వాదానికి ఎదురు నిలిచాడో దీనివలన కొంత స్పష్టమైంది.

అయితే డన్ వాదాన్ని యథాతథంగా స్వీకరించడమూ కుదరదు. రోమా 4:4-5లో పౌలు కూలీకి జీతం ఋణంగా వస్తుంది, దానంగా రాదు అనే పోలిక తెచ్చాడు. ఇక్కడ జాతి చిహ్నాల ప్రసక్తి లేదు. దేవుని ఎదుట మనిషికి హక్కు ఉంటుందా అన్న విశాలమైన ప్రశ్న ఉంది. గలతీ లేఖలో పంక్తి తగవుగా మొదలైన భావన రోమా లేఖ నాటికి మానవ స్థితిని గురించిన ఆలోచనగా విస్తరించిందని చెప్పడమే ఆధారాలకు సరిపోయే మాట. లూథర్ చదివినది ఆ రెండవ దశను. మొదటి దశను మరిచిపోవడం అతని పఠనంలోని లోపం, రెండవ దశను తగ్గించి చూపడం కొత్త పఠనంలోని లోపం.

తెలుగు మాటలు మోసుకొచ్చిన అర్థాలు

తెలుగులో కొత్త నిబంధనను పద్దెనిమిదవ శతాబ్దపు తొలి భాగంలోనే బెంజమిన్ షుల్జ్ అనువదించినా అది అచ్చుకాలేదు. విశాఖపట్నంలో పనిచేసిన అగస్టస్ డెగ్రాంజి, అతనికి సహాయపడిన ఆనందరాయరుల కృషి ఫలితంగా 1812లో శ్రీరామపురంలో అచ్చయినవి సువార్తలు మాత్రమే. లేఖలు ఆ తరువాతే తెలుగు పాఠకులకు అచ్చులో అందాయి. అనంతర కాలంలో పలుమార్లు సవరణలు జరిగి స్థిరపడిన గ్రాంథిక పాఠం నేటికీ ఆరాధనల్లో వినబడుతున్నది. నేను ఇక్కడ చర్చిస్తున్న పదాలు ఆ వాడుక అనువాదంలోనివి.

‘నోమోస్’కు ‘ధర్మశాస్త్రము’ అన్న ఎంపికతో మొదలుపెట్టాలి. హెబ్రీ ‘తోరా’కు మూలార్థం బోధ, ఉపదేశం. దాన్ని క్రీస్తుకు పూర్వమే గ్రీకులోకి తెచ్చిన యూద అనువాదకులు ‘నోమోస్’ అన్నారు. ఉపదేశం అక్కడే చట్టంగా మారింది. తెలుగులో అది ధర్మశాస్త్రమైంది. తెలుగు పాఠకునికి ఈ మాట వినగానే మనువు, యాజ్ఞవల్క్యుడు స్ఫురిస్తారు, వర్ణవ్యవస్థ స్ఫురిస్తుంది. కనుక ధర్మశాస్త్రం క్రింద ఉన్నవారు, ధర్మశాస్త్రం నుండి విడుదల అన్న మాటలు తెలుగులో మూలం కంటే ఎక్కువ పదునుగా పలికాయి. అంటరానితనం అనుభవించిన సముదాయాల నుండి క్రైస్తవంలోకి వచ్చినవారికి ఈ మాటల్లో తమ చరిత్ర వినబడటం సహజం. ఆ వినికిడిని తప్పనలేము. సహపంక్తి భోజనం మన సమాజంలో ఎంత పెద్ద పోరాటమో, అంతియొకయ ఘట్టం తెలుగులో ఎందుకు అంత సూటిగా అర్థమవుతుందో వివరించనక్కరలేదు.

కాని చరిత్రకారుడు ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మనుధర్మమూ తోరా ఒకటి కావు. అంతియొకయలో యూదులు రోమన్ సామ్రాజ్యంలో ఒక అల్పసంఖ్యాక జనం. వారి ఆహార నియమాలు ఎవరినో అణచివేసే ఆయుధాలు కావు. చుట్టూ ఉన్న విగ్రహారాధక సమాజంలో తమ ఉనికిని కాపాడుకొనే గట్లు అవి. పేతురు వెనక్కు తగ్గడంలో పిరికితనం ఉందని పౌలు అన్నాడు. మనకు పేతురు వైపు మాట దక్కలేదు. యూదుల్ని మన అగ్రవర్ణాల స్థానంలో నిలిపి చదివితే మన అనుభవానికి న్యాయం జరగవచ్చు గాని వారి అనుభవానికి అన్యాయం జరుగుతుంది.

‘సున్నతి’ సంగతి మరో రకం. ఆ మాట అరబ్బీ ‘సున్నత్’ నుండి ముస్లిం సమాజపు వాడుక ద్వారా తెలుగులోకి వచ్చింది. యూదుల ఆచారానికి వేరే మాట లేక అనువాదకులు దాన్నే గ్రహించారు. గలతీ లేఖ చదివే తెలుగు పాఠకుని మనసులో మనుధర్మ శాస్త్రపు పండితుడూ, సున్నతి చేయించుకొన్న పొరుగువాడూ కలిసి ఒక వింత యూదుడు తయారవుతాడు. అనువాదంలో ఇంత విచిత్రమైన కలయిక తరచుగా జరగదు.

‘దికైయోసునే’కు ‘నీతి’ పెట్టారు. తెలుగులో నీతి అంటే లోకజ్ఞత, సత్ప్రవర్తన. మన శతకాలూ పంచతంత్రమూ అందుకే నీతి గ్రంథాలయ్యాయి. గ్రీకు మాటలో, దాని వెనుకనున్న హెబ్రీ ‘సెదాకా’లో, ప్రవర్తన కంటే సంబంధం ముఖ్యం. నిబంధనకు కట్టుబడి ఉండటం, న్యాయస్థానంలో నిర్దోషిగా నిలవడం దాని అర్థాలు. రోమా లేఖలో ‘దేవుని నీతి’ అన్నప్పుడు అది దేవుని సత్ప్రవర్తన కాదు, దేవుడు తన మాట నిలుపుకొనే గుణం, లోకాన్ని చక్కదిద్దే క్రియ. ‘నీతి’ అనే మాట ఈ బరువును మోయలేకపోయింది.

నామవాచకం ఇలా కుంటినా, క్రియకు చేసిన అనువాదం అనుకోని మేలు చేసింది. ‘దికైయోఓ’కు అనువాదకులు ‘నీతిమంతుడని తీర్చు’ అన్నారు. యూరపులో ఈ క్రియ మీదే నాలుగు వందల ఏళ్లకు పైగా తగవు నడిచింది. దేవుడు మనిషిని నీతిమంతుడని ప్రకటిస్తాడా, నీతిమంతుడుగా తయారుచేస్తాడా? మొదటిది లూథర్ పక్షం. 1547లో ట్రెంటు మహాసభ చేసిన తీర్మానం, నీతి మనిషిలో నిజంగా మార్పు తెస్తుందని నొక్కిచెప్పి, రెండవ పక్షాన్ని నిలబెట్టింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరను సంఘాల సమాఖ్య, రోమన్ కతోలిక సంఘం ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకం చేసే దాకా ఈ విషయంలో అధికారికమైన సయోధ్య లేదు. తెలుగు ‘తీర్చు’లో రెండు అర్థాలూ ఉన్నాయి. తగవు తీర్చడం అంటే తీర్పు చెప్పడం. ముగ్గు తీర్చడం, తీర్చిదిద్దడం అంటే రూపం ఇవ్వడం. అప్పు తీర్చడం అనే మూడో వాడుక కూడా పౌలు పోలికలకు దూరం కాదు. ‘అని’ అనే అనుకారకం వల్ల పలుకుబడి ప్రకటన వైపే మొగ్గుతుందన్నది నిజమే. అయినా ‘తీర్చు’ చెవికి తగిలినప్పుడు రెండవ అర్థం పూర్తిగా మాసిపోదు. లాటిను, జర్మను పాఠకులకు లేని వెసులుబాటు ఇది. తెలుగు వేదాంత రచయితలు దీన్ని ఉపయోగించుకొనకపోవడం ఆశ్చర్యం.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ ‘విశ్వాసము’తో వచ్చే విభక్తి. గ్రీకులో ‘పిస్తిస్ క్రిస్తూ’ అనేది షష్ఠీ సమాసం వంటిది. క్రీస్తు మీద మనకున్న విశ్వాసమా, క్రీస్తు దేవునిపట్ల చూపిన విశ్వాస్యతా? రిచర్డ్ హేస్ 1983లో రెండవ అర్థాన్ని బలంగా ప్రతిపాదించినప్పటి నుండి ఈ చర్చ సాగుతూనే ఉంది. తెలుగులో ‘క్రీస్తు విశ్వాసం’ అంటే మూలంలోని సందిగ్ధం చెక్కుచెదరకుండా దక్కేది. అనువాదకులు ‘క్రీస్తునందలి’ అని సప్తమిని తెచ్చి ఒక అర్థాన్ని మూసివేశారు. ఆనాటి పాండిత్యం దాన్నే సమర్థించింది గనుక వారిని తప్పుపట్టలేము. నేటి అనువాదకుడు మాత్రం ఈ ప్రశ్నను దాటి పోరాదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగినది ‘శరీరము’ వద్ద. గ్రీకులో ‘సోమా’ వేరు, ‘సార్క్స్’ వేరు. సోమా అంటే దేహం. పౌలుకు అది గౌరవస్థానం. అది దేవుని ఆలయం (1 కొరింథు 6:19), సమాజానికి ఉపమానం (12వ అధ్యాయం), చనిపోయినవారు తిరిగి లేచేదీ సోమాతోనే (15వ అధ్యాయం). సార్క్స్ అంటే మాంసం. గలతీ, రోమా లేఖల్లో అది దేవునికి ఎదురు తిరిగిన మానవ స్వభావానికి పేరు. తెలుగులో చాలాచోట్ల రెండింటికీ ‘శరీరము’ అనే వాడారు. వైరాగ్య శతకాల్లో దేహనిరసన విని పెరిగిన పాఠకునికి ఇంక వేరే అర్థం తోచే అవకాశం లేదు. ఆత్మ మంచిది, దేహం చెడ్డది అని పౌలు చెప్పినట్లు అతను గ్రహిస్తాడు. గలతీ 5:19-21లో ఉన్న ‘శరీర కార్యాల’ పట్టికను లెక్కించి చూస్తే ఈ అపోహ నిలవదు. ప్రాచీన ప్రతుల ప్రకారం అందులో పదిహేను అంశాలున్నాయి. కామసంబంధమైనవి మూడు, విగ్రహారాధన, మంత్రప్రయోగం రెండు, తాగుడుకు సంబంధించినవి రెండు. మిగిలిన ఎనిమిదీ పగలు, కలహాలు, అసూయలు, కోపాలు, స్వార్థపు పోటీలు, ముఠాలు, చీలికలు, ఓర్వలేనితనాలు. వీటికి దేహంతో పనేముంది? ఒకరినొకరు కరుచుకొని మింగేస్తున్న సమాజానికి (5:15) రాసిన పట్టిక ఇది. అంతియొకయలో పంక్తి విడగొట్టిన గుణమే ఇక్కడ సార్క్స్ పేరుతో కనబడుతున్నది.

రోమా లేఖ, యెరూషలేము చందా

క్రీ.శ. 49 ప్రాంతంలో క్లౌదియ యూదులను రోము నుండి వెళ్లగొట్టాడు. చరిత్రకారుడు స్యుతోనియుస్, అపొస్తలుల కార్యముల గ్రంథం (18:2) రెండూ దీన్ని ప్రస్తావించాయి. 54లో నీరో పట్టానికి వచ్చాక వారిలో కొందరు తిరిగి వచ్చారు. ఈలోగా అక్కడి క్రైస్తవ సమాజంలో యూదేతరులదే పైచేయి అయి ఉంటుంది. ఇదే రోమా లేఖ నేపథ్యమన్న ఊహకు లేఖలోనే బలం ఉంది. 11వ అధ్యాయంలో పౌలు యూదేతరులను ఒలీవ చెట్టుకు అంటుకట్టిన అడవి కొమ్మతో పోల్చి, వేరు మిమ్మల్ని మోస్తున్నది గాని మీరు వేరును మోయడం లేదన్న అర్థంలో హెచ్చరించాడు. 14వ అధ్యాయంలో కూరలు మాత్రమే తినేవారిని అన్నీ తినేవారు తృణీకరించరాదని, తినేవారికి తినని వారు తీర్పు తీర్చరాదని బోధించాడు.

గమనించవలసిన మార్పు ఇది. అంతియొకయలో యూదుల నియమాలు యూదేతరులను పంక్తి నుండి తోసివేశాయి, పౌలు ఆ నియమాలకు ఎదురు తిరిగాడు. రోములో యూదేతరుల స్వేచ్ఛ యూదులను పంక్తి నుండి తోసివేస్తున్నది, పౌలు ఆ స్వేచ్ఛకు హద్దు గీశాడు. తినే తిండి వలన సోదరుడు నొచ్చుకొంటే ఆ తిండి మానుకోమన్నాడు. నియమం మారింది, పంక్తి మారలేదు. నీతి భావన పౌలుకు ఏనాడూ ఒంటరి మనిషి అంతరంగానికి మాత్రమే చెందిన విషయం కాదనడానికి ఇది బలమైన ఆధారం.

దీనికి ఆచరణ రూపం ఒకటుంది, వేదాంత గ్రంథాలు దాన్ని ఎక్కువగా పట్టించుకోవు. యెరూషలేములోని బీదల కోసం పౌలు తన సమాజాలన్నిటి నుండి చందా పోగుచేశాడు. గలతీ 2:10లో దానికి పునాది పడింది. కొరింథు మొదటి లేఖ 16వ అధ్యాయంలో వారం వారం పక్కన పెట్టమన్న సూచన ఉంది. రెండవ లేఖ 8, 9 అధ్యాయాలు పూర్తిగా దీని గురించే. అక్కడ డబ్బు విషయంలో పౌలు వాడిన మాటలు ‘ఖారిస్’, అనగా మనం కృప అంటున్నదే, ‘ఇసోతేస్’, అనగా సమానత. ఒకరి సమృద్ధి మరొకరి కొరతను తీర్చాలన్నది అక్కడి వాదం. మళ్లీ ‘తీర్చు’. దేవుని కృపకు, చందా డబ్బుకు ఒకే మాట వాడటం యాదృచ్ఛికం అనుకోలేము. తెలుగు అనువాదంలో సందర్భాన్ని బట్టి వేర్వేరు మాటలు రావడం వలన ఈ అనుబంధం మరుగుపడింది.

రోమా లేఖ రాసేనాటికి ఆ డబ్బు పోగయింది. లేఖను తెర్తియు అనే లేఖకుడు రాశాడు (16:22). దాన్ని రోముకు తీసుకుపోయినది కెంక్రేయ సమాజానికి చెందిన ఫీబే అనే స్త్రీ అని 16వ అధ్యాయపు మొదటి వాక్యాలను బట్టి పండితులు భావిస్తున్నారు. పౌలు మాత్రం రోముకు కాక, అందుకు వ్యతిరేక దిశలో, డబ్బుతో యెరూషలేముకు బయలుదేరాడు. పోయేముందు రెండు విషయాలకై ప్రార్థించమని రోమీయులను అడిగాడు (15:31). యూదయలోని అవిశ్వాసుల చేతి నుండి తాను తప్పించుకోవాలని ఒకటి. యెరూషలేములోని విశ్వాసులు ఆ చందాను స్వీకరించాలని రెండవది. యూదేతరుల చేతి డబ్బును వారు కాదంటారేమోనన్న భయం ఆ మాటల్లో దాగలేదు. యెరూషలేములో పౌలు బంధితుడయ్యాడని అపొస్తలుల కార్యముల గ్రంథం వివరంగా చెబుతుంది. తన జనానికి దానధర్మాలు తెచ్చానని విచారణలో పౌలు అన్నట్లు ఒక్క వాక్యం (24:17) అందులో ఉంది. యాకోబు ఆ డబ్బు పుచ్చుకొన్నాడని గాని, తిప్పి పంపాడని గాని ఆ గ్రంథం చెప్పదు.